నడుమ బరువు పెట్టొద్దు

వాస్తు గురించి నేను జీవితంలో ఒకే ఒక్క మాట చెప్పాను. అదీ అబద్ధమే. ఆ అబద్ధాన్ని నల్లరాయి మీద చెక్కించి, కింద నా పేరు కూడా వేయించారు. పన్నెండేళ్ళుగా ఆర్కిటెక్టు పని చేస్తున్నాను. ఈ పన్నెండేళ్ళలో ఎన్ని నిజాలు చెప్పానో, ఎన్ని డ్రాయింగుల మీద రాసిచ్చానో నాకే గుర్తు లేదు. వాటిలో ఒక్కటి కూడా రాయి దాకా పోలేదు.

నా పేరు బానోతు అఖిల. మాది బయ్యారం దగ్గర తండా. హనుమకొండలో చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. జనగామ శివారులో ఉన్న ఒక యూనివర్సిటీకి సైన్సు పరిశోధన భవనం గీసింది నేనే. యూనివర్సిటీ పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే పేరు లేకుండా చెబితేనే ప్రతి యూనివర్సిటీవాళ్ళూ ఇది తమ సంగతే అనుకుంటారు, అనుకోవాలి కూడా.

ఢిల్లీ నుంచి ఆ భవనానికి గ్రాంటు ఇచ్చినవాళ్ళు ఒక షరతు పెట్టారు. వేరువేరు డిపార్ట్‌మెంట్లవాళ్ళు కలిసి పనిచేసేలా భవనం ఉండాలని. కాగితం మీద ఆ మాట చదవగానే నేను ఎగిరి గంతేశాను. ఎందుకు గంతేశానో తెలియాలంటే మా తమ్ముడు ప్రేమ్‌సింగ్ సంగతి చెప్పాలి.

మా తండా నీళ్ళు ఎర్రనీళ్ళు. భూమిలో ఇనుముంది, అది బోర్లలోకి దిగుతుంది. బిందెలో పట్టి పెడితే గంటకు అడుగున మడ్డి పేరుకుంటుంది. ఆ నీళ్ళతో చాయ్ పెడితే నల్లబడుతుంది. మా అమ్మ జమ్లీ బియ్యం కడిగే గిన్నె అసలు రంగేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రేమ్‌సింగ్ ఆ యూనివర్సిటీలోనే కెమిస్ట్రీలో పరిశోధనకు చేరి, ఆ నీళ్ళ మీదే పడ్డాడు. మూడేళ్ళు పాత బండి వేసుకుని తండా తండాకు తిరిగి నలభై రెండు బోర్ల నీళ్ళు బాటిళ్ళలో పట్టాడు. ఏ బోరు, ఎంత లోతు, ఏ నెలలో ఎంత ఇనుము, అన్నీ ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో రాసుకున్నాడు. బోరు దగ్గర ఆడవాళ్ళు చుట్టుముట్టి, మంచినీళ్ళు ఎన్నడొస్తయి సారూ అని అడిగేవాళ్ళు. ఇంకో ఏడాది ఆగండి అనేవాడు. సారూ అన్నందుకు ఇంటికొచ్చి రెండు పూటలు మురిసేవాడు.

పాత భవనంలో కెమిస్ట్రీకీ జియాలజీకీ నడుమ ఒకే ఒక్క గోడ. ఆ గోడకు అటూ ఇటూ ఉన్న హెడ్‌లిద్దరికీ మాటల్లేవు. ఎందుకు లేవో వాళ్ళకే గుర్తు లేదని అందరూ అనేవారు. మూడో ఏడు చివర్లో, గోడ అవతల జియాలజీ కుర్రాడొకడు థీసిస్ సమర్పించాడు. అవే తండాలు, అవే బోర్లు, అవే నీళ్ళు. ప్రేమ్‌సింగ్ గైడు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నీ దాంట్లో కొత్తదనం పోయింది, వేరే టాపిక్ చూసుకో అన్నాడట. మా తమ్ముడు బాటిళ్ళు అక్కడే వదిలేసి నోటుబుక్కు ఒక్కటి పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను భవనం గీసేనాటికి తొమ్మిదేళ్ళుగా పెద్దవంగరలో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. ఆ తొమ్మిదేళ్ళూ జనగామ వైపు పోలేదు.

అసలు బాధ థీసిస్ పోయినందుకు కాదు. ఏ బోరులో ఎంత ఇనుముందో మా తమ్ముడికి తెలుసు. ఆ ఇనుము ఏ లోతున ఏ రాతిలోంచి వస్తుందో గోడ అవతలివాళ్ళకు తెలుసు. రెండూ ఒక్కచోట పెడితే, ఎంత లోతు వేస్తే తెల్లనీళ్ళు పడతాయో తండాకు తెలిసేది. ఎవరూ పెట్టలేదు. తండాలో ఇప్పటికీ చాయ్ నల్లగానే ఉంది.

భవనం గీసే ముందు నేను నాలుగు రోజులు పాత భవనంలో కూర్చున్నాను. ఎవరు ఎటు నడుస్తారో, ఎవరు ఎవరిని చూసి తల తిప్పుకుంటారో చూడడమే పని. అక్కడ అటెండరు చాంద్‌పాషా పరిచయమయ్యాడు. జియాలజీలో అటెండరు పోస్టు ఏళ్ళుగా ఖాళీ. కాబట్టి రెండు డిపార్ట్‌మెంట్ల బాటిళ్ళూ వెనక వరండాలో ఒకే నల్లా కింద ఆయనే కడిగేవాడు. నేను ప్రేమ్‌సింగ్ అక్కనని తెలిశాక ఆయన చేతిలో బాటిల్ అలాగే ఆగిపోయింది.

“మీ తమ్ముని బాటిళ్ళు, గాళ్ళ బాటిళ్ళు నేనే కడిగిన బేటీ,” అన్నాడు. “రెండిటి మీద ఒకటే తండా పేరు. ఒకటే బోరు నంబరు. నేను ఏడో తరగతి సదివిన, గా మాత్రం తెల్వదా?”

“మరి ఎవరికీ చెప్పలేదా చాచా?”

“చెప్పిన. హెడ్ సార్‌కే చెప్పిన. బాటిళ్ళు కడుగుడు నీ పని, చదువుడు కాదు అన్నడు. గీ ముచ్చట ఇంకెక్కడన్న తీస్తే నౌకరీ ఉండదన్నడు. భయమైంది. మీ తమ్ముడు పోయిన నాడు గేటు దాక గూడ రాలేదు నేను.”

ఆ రోజు నాకు భవనం దొరికింది. ఆ మొత్తం యూనివర్సిటీలో రెండు శాస్త్రాలూ కలిసిన చోటు ఒక్కటే, ఆ నల్లా. నేను నల్లా చుట్టూ భవనం గీశాను.

ఎడమన కెమిస్ట్రీ, కుడిన జియాలజీ. నడుమ నలభై అడుగుల ఖాళీ జాగా, పైన వెలుతురు. ఆ జాగాలో అందరికీ కలిపి ఒకే నల్లాతో బాటిళ్ళు కడిగే గది, అందరి నమూనాలూ కనిపించేలా అద్దాల బీరువాలు, చాయ్ పెట్టుకునే మూల, పన్నెండడుగుల షాబాదు బండ బల్ల. రెండు పక్కలకూ విడిగా బయటి తలుపులు లేవు. లోపలికి రావాలన్నా, ఇంటికి పోవాలన్నా, ఆఖరికి మూత్రానికి పోవాలన్నా ఆ బల్ల పక్కనుంచే పోవాలి. రోజుకు పదిసార్లు ఎదురుపడితే పదకొండోసారైనా, ఏం చేస్తున్నవ్ అని అడగకపోతారా అని నా ఆశ.

కమిటీ ముందు డ్రాయింగులు పరిచాను. కెమిస్ట్రీ హెడ్, మా పిల్లలు వాళ్ళ పిల్లలతో కలిసి కూర్చుంటే మా పని బయటికి పోదా అన్నాడు. జియాలజీ హెడ్, మా రాళ్ళ మీద వీళ్ళ యాసిడ్ పడితే ఎవరిది బాధ్యత అన్నాడు. ఇద్దరూ కలిసి ఒక తీర్మానానికి వచ్చారు. నడుమ జాగా దండగ, దాన్ని పూడ్చి పదహారు గదులు కట్టాలి, చెరి ఎనిమిది. ఇరవై ఏళ్ళలో వీళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం ఇదే మొదలని రిజిస్ట్రార్ మురిసిపోయాడు. పునాది తీయకముందే నా భవనం పనిచేయడం మొదలుపెట్టిందన్నమాట.

నడుమ జాగా కొట్టేయడానికి వీసీ గారు పెన్ను తీశారు. ఆయన గురించి నాకు తెలిసింది రెండే సంగతులు. అచ్చు పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడతారు. చేరిన వారంలోనే తన బంగళాకు దక్షిణం తలుపు మూయించి, తూర్పు గోడ పగలగొట్టించారు. ఆయన పెన్ను డ్రాయింగు మీదికి వస్తోంది. నాకు తమ్ముడి మొహం కళ్ళ ముందు కదిలింది. నోటికి ఏదొస్తే అది అనేశాను.

“అది బ్రహ్మస్థానం సర్. నడుమ బరువు పడకూడదు. పూడిస్తే ఈ భవనంలోకి వచ్చినవాళ్ళకు కలిసిరాదు.”

పెన్ను గాలిలో ఆగింది. ఇద్దరు హెడ్‌లూ నా వైపు చూశారు, ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఒకరు రేడియేషన్ మీద పుస్తకం రాసినాయన, ఇంకొకరు భూమి వయసు లెక్కగట్టే ఆయన. ఇద్దరిలో ఒక్కరూ నోరెత్తలేదు. రెండు నిమిషాల్లో డ్రాయింగు పాసైంది.

ఆ సాయంత్రమే పెద్దవంగర పోయి దుకాణంలో తమ్ముడికి చెప్పాను. మేము ఇంటి భాష లంబాడీలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వాడు యూరియా బస్తాల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తొమ్మిదేళ్ళలో వాడు అంత నవ్వగా నేను చూడలేదు.

“గంత పెద్ద సార్లకు గిట్ల టోపీ పెట్టినవా అక్కా,” అన్నాడు. నవ్వు ఆగాక తరాజు పళ్ళెం తుడవడం మొదలుపెట్టాడు. “గా బల్ల వేసినంక చెప్పు. గాళ్ళ బాటిళ్ళు, వీళ్ళ బాటిళ్ళు గా బల్ల మీద ఒక్కతాన పెట్టిన నాడు నేను మళ్ళ చేరుత. పార్ట్‌టైంల చేరొచ్చంట. కనుక్కున్న.”

ఆ కనుక్కున్న అన్న మాట నన్ను పట్టుకుంది. వాడు వదిలేశాడని ఇంట్లో అందరం అనుకున్నాం. గల్లాపెట్టె కింది సొరుగులో పురుగుమందుల క్యాటలాగుల నడుమ ఆకుపచ్చ నోటుబుక్కు అట్ట కనబడుతూనే ఉంది.

కట్టడం బాగానే సాగింది. గోడలు లేచాయి, వెలుతురు నేను గీసిన చోటే పడింది. పైకప్పు అయ్యాక వీసీ గారు ఒక సిద్ధాంతిని తీసుకొచ్చి చూపించారట. ఆ తరువాతి వారం నాకు ఉత్తరం వచ్చింది. తమరు సూచించిన బ్రహ్మస్థాన నియమం ప్రకారమే, మధ్యలో రాతిబల్ల వంటి బరువులు గానీ, మైల నీరు పారే గదులు గానీ ఉండరాదు కనుక, ప్లాను నుండి వాటి తొలగింపునకు తమ సమ్మతి తెలుపగలరు.

రెండు రోజులు ఆ ఉత్తరం టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. వద్దనాలంటే నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే జాగా మొత్తం పూడ్చేస్తారు, బల్ల పోయినా జాగా మిగలడం నయం కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇది నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం భయం. అబద్ధమాడి డిజైను పాస్ చేయించుకుందన్న పేరొస్తే, తండా నుంచి వచ్చిన ఆర్కిటెక్టుకు మళ్ళీ ఎవరు పనిస్తారు? సంతకం పెట్టి పంపాను.

నెల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. “బల్ల వేసిన్రా అక్కా?”

“వేస్తున్నరు,” అన్నాను.

అప్పటికి నాకు భూపాలపల్లిలో ఒక బడి కట్టే పని దొరికింది. ప్రారంభోత్సవానికి పిలుపొస్తే, అదే రోజు ఇక్కడ స్లాబు పోస్తున్నామని చెప్పి పోలేదు. స్లాబు పోసింది నిజమే. కానీ దాన్ని మర్నాటికి జరపడం నా చేతిలోనే ఉంది.

ఏడాదికి పైగా గడిచింది. మొన్న ఆషాఢంలో తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. “నోటిఫికేషన్ పడ్డది అక్కా. దరఖాస్తు ఇయ్యవోతున్న. నువ్వు గూడ రా. బల్ల నువ్వే చూపియ్యాలె.”

వాడు ఆటోలో పాలకుర్తి దాకా వచ్చాడు. అక్కడ నా కారు ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. నోటుబుక్కు వానకు తడవకుండా విత్తనాల కంపెనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. పాలకుర్తి నుంచి జనగామ దాకా చెప్పడానికి కావలసినంత సమయముంది. వాడు నమూనాలు ఏ నెలలో మళ్ళీ పట్టాలో, పాత నలభై రెండు బోర్లలో ఎన్ని ఎండిపోయాయో చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూ స్టీరింగు తిప్పాను.

భవనం ముందు కారు దిగాం. నేను పెట్టిన ఒక్క పెద్ద వాకిలి మూసేశారు. దానికి తాళం. కెమిస్ట్రీకి తూర్పున ఒక తలుపు కొత్తగా కోశారు. జియాలజీకి ఉత్తరాన ఇంకోటి. దేని బోర్డు దానికి, దేని వాచ్‌మన్ దానికి. కెమిస్ట్రీ వరండాలోంచి అద్దంలో చూస్తే నడుమ జాగా కనబడింది. బల్ల ఉండాల్సిన చోట ఏమీ లేదు. చుట్టూ ఇత్తడి గొలుసు కట్టారు. మధ్యలో పళ్ళెంలో పూలు. గొలుసు పక్కన నల్లరాయి.

బ్రహ్మస్థానం. ఇచట అడుగిడరాదు. మధ్యన బరువు మోపరాదు. స్థపతి: శ్రీమతి బానోతు అఖిల.

నాకింకా పెళ్ళి కాలేదు. ఆ ఒక్క మాటలో కూడా నిజం రాయలేదు.

ప్రేమ్‌సింగ్ ఆ రాయిని రెండుసార్లు చదివాడు. నా వైపు చూశాడు. నేను అప్పుడు చెప్పాను, ఉత్తరం సంగతి, సంతకం సంగతి, ఫోన్లో ఆడిన అబద్ధం సంగతి, అన్నీ. అప్పుడే చాంద్‌పాషా మమ్మల్ని చూసి బయటికొచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నన్ను పలకరించకుండా ముందు మా తమ్ముడి చేయి పట్టుకున్నాడు. లోపలికి తీసుకుపోతానంటే వాడు ఆయన వెంట పోయాడు. నేను అద్దం దగ్గరే ఉండిపోయాను.

అరగంటకు వాళ్ళు తిరిగొచ్చారు.

“అక్కా, గీ దిక్కు కెమిస్ట్రీల ఒక పిల్ల పనిచేస్తున్నది. మేఘనంట. ఆమె బాటిల్ మీద బయ్యారం, బోరు పదిహేడు అని ఉన్నది. చుట్టు తిరిగి గా దిక్కు పోయినం. గాడ రాళ్ళ పక్కన గూడ బయ్యారం, బోరు పదిహేడే.”

నేను చాంద్‌పాషా వైపు తిరిగాను. “చాచా, ఈసారన్న చెప్పకపోయినవా?”

“నాకెట్ల తెలుస్తది బేటీ?” అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను కోసింది. “నల్లా ఇప్పుడు రెండు దిక్కుల రెండు పెట్టిన్రు. గా దిక్కు వేరే అటెండరు. నేను గీ దిక్కువి ఒక్కటే కడుగుత. పాత బిల్డింగుల నాకన్న తెలుస్తుండె. గీ కొత్త దాంట్ల ఎవలకు తెల్వదు.”

అదీ నేను కట్టిన భవనం. అందరూ కలవడానికి కట్టాను. కలిసిన ఒక్క నల్లాను కూడా విడగొట్టాను.

మేఘన దగ్గరికి ముగ్గురం పోయాం. బక్కపల్చటి పిల్ల, చేతికి రబ్బరు తొడుగులు, మూడో సంవత్సరం. తమ్ముడు మెల్లగా చెప్పాడు. గొలుసుకు అవతల అద్దంలో కనబడే అబ్బాయి కూడా నీ బోరు నీళ్ళే చూస్తున్నాడు, ఒక్కసారి పోయి మాట్లాడు, ఇద్దరూ కలిస్తే థీసిస్ కంటే పెద్ద పనవుతుంది అన్నాడు. ఆ పిల్ల అద్దంలోకి చూసింది. అవతల నీలం చొక్కా అబ్బాయి తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు.

“ఆయన రోజూ కనవడ్తడు,” అంది మేఘన. “పేరు తెల్వదు.” తర్వాత గొంతు తగ్గించింది. “అన్నా, మీకు దండం పెడ్త. గీ ముచ్చట ఎవలకు చెప్పకుండ్రి. మా సార్‌కు తెలిస్తే టాపిక్ మార్చుకో అంటడు. మా ఇంట్ల ఇంకొక్క ఏడాది గూడ ఆగరు.”

“ఆయన ముందుగాల ఇచ్చేస్తే నీది పోతది చెల్లె.”

“అందుకే జల్దిన రాస్తున్న.” ఆమె బాటిల్ తీసి, లేబులు లోపలికి తిరిగేలా బీరువాలో పెట్టింది. ఆ లేబులు తిప్పడం చూసి ప్రేమ్‌సింగ్ బయటికి నడిచాడు.

నేను సరాసరి వీసీ గారి ఆఫీసుకు పోయాను. అంతవరకు పిరికిదాన్ని, ఆ నడకలో మాత్రం కాను. ఆయన లేచి నిలబడి ఆహ్వానించారు, చాయ్ తెప్పించారు. నేను కూర్చోకుండానే చెప్పాను.

“సర్, బ్రహ్మస్థానం మాట అబద్ధం. నాకు వాస్తు తెలియదు, నమ్మను. పదహారు గదులు కట్టకుండా ఆపడానికి అప్పటికప్పుడు అన్నాను. దయచేసి గొలుసు తీయించండి. మధ్య వాకిలి తెరిపించండి. అటూ ఇటూ ఇద్దరు పిల్లలు ఒకే పని చేస్తున్నారు, ఒకరికొకరు తెలియదు.”

ఆయన చిరునవ్వుతో విన్నారు. “అమ్మా, మీరు తెలియక అన్నాననుకుంటున్నారు. తెలియకుండా నోట వచ్చిందంటేనే అది సత్యం. ఆ స్థానమే మీ చేత పలికించింది. భవనం మొదలైనప్పటి నుంచి మన యూనివర్సిటీకి ఎంత కలిసివచ్చిందో మీకు తెలియదు. తండా నుంచి వచ్చిన ఒక ఆడపిల్లకు ఇంతటి శాస్త్రజ్ఞానం ఉందని నేను వెళ్ళిన ప్రతి సభలోనూ చెబుతున్నాను.”

“ఆ ఇద్దరు పిల్లల సంగతి?”

“రెండు విభాగాలూ ఒకే కప్పు కింద పనిచేస్తున్నాయి కదమ్మా. సంయుక్త పరిశోధన అని ఢిల్లీకి నివేదిక కూడా పంపించాం.”

“అబద్ధమని రాసిస్తాను సర్. సంతకం పెడతాను.”

ఆయన చిరునవ్వు చెదరలేదు. “రాసిస్తే అది రికార్డులో ఉండిపోతుంది. బల్ల తొలగింపునకు మీరు పెట్టిన సంతకమూ రికార్డులోనే ఉంది. ఇంత తెలివైనవారు, ఎందుకమ్మా. చాయ్ చల్లారుతోంది.”

రాసివ్వలేదు. కాగితం అడగలేదు, పెన్ను తీయలేదు. ఇన్ని పనులు చేతిలో ఉన్నాయి, భూపాలపల్లి బడికి ఇంకా కిటికీలు బిగించాలి, ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో గుర్తొచ్చాయి. చాయ్ తాగాను. తెల్లటి చాయ్, మంచినీళ్ళతో పెట్టింది.

తిరిగి వచ్చేసరికి చాంద్‌పాషా ఒక్కడే వరండాలో ఉన్నాడు. మా తమ్ముడు దరఖాస్తు ఇచ్చాడా అని అడిగితే, లేదని తల ఊపి రోడ్డు వైపు చూపించాడు. కారు దగ్గరికి పోదామని నేను భవనం పక్కగా నడుస్తూ, నడుమ జాగాలోకి తెరుచుకునే చిన్న తలుపు దగ్గరికి వచ్చాను. పూలు మార్చడానికి ఊడ్చేవాళ్ళ కోసం పెట్టిన తలుపు అది. దాని ముందు ఈదమ్మ అనే ఆమె చీపురు చంకలో పెట్టుకుని, చెప్పులు విడిచి నిలబడి ఉంది. ఆమె చేతిలో విత్తనాల కంపెనీ ప్లాస్టిక్ కవరు. కవర్లో ఆకుపచ్చ అట్ట.

“ఎవలో అన్న గొలుసు దాటి పోయి గిది నడుమ పెట్టి పోయిండు మేడం,” అంది. “పూల పళ్ళెం జరిపి పెట్టిండు. మీ తాలూకేనా? తీస్కోండ్రి. గీడ బరువు పెట్టొద్దు.”

“పుస్తకం కదమ్మా. పుస్తకం గూడ బరువేనా?”

“నాకేం ఎరుక మేడం. ఏది పెట్టొద్దన్నరు. గా బండ మీద రాసిన్రంట.”

“ఎవరు చెప్పిన్రు గట్ల?”

“నాకు సదువు రాదు. ఎవలో మస్తు సదువుకున్నామెనంట. ఆమె చెప్పిందంట.”

నోటుబుక్కు తీసుకున్నాను. కారు జియాలజీ వైపు రోడ్డు మీద ఉంది, తమ్ముడు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఈదమ్మ నిలబడ్డ తలుపులోంచి నడుమ జాగా దాటితే నలభై అడుగులు, అంతే. నేను కూడా చుట్టూ తిరిగే పోయాను.